పన్నెండు ట్యాగుల లోయ

అన్యాయమే. కాదని నేనెప్పుడన్నాను ఎల్వుడ్ గారూ? రాత్రి గుడారంలో ఇదే మాట, పొద్దున గుర్రమెక్కాకా ఇదే మాట, ఇప్పుడీ గట్టు మీద చతికిలబడ్డాకా అదే. కొలరాడో వాడికి పుట్టుకతో వచ్చే హక్కు, పెన్సిల్వేనియా వాడు పదహారేళ్ళు దేవులాడాలా అని. వచ్చింది కదండీ చివరికి. వేట అనుమతి ట్యాగు జేబులో పెట్టుకుని కూడా ఏడిస్తే ఎలా?

కాస్త గొంతు తగ్గించండి. ఎల్క్‌లు జింక జాతివి, వాటి చెవులు మన చెవుల్లాంటివి కావు. వెలుగు రావడానికి ఇంకో పావుగంట పడుతుంది. ఇదిగో, కాఫీ తాగండి. కాలుతుంది, జాగ్రత్త.

అయినా మీ లెక్కలో తప్పేం లేదు. ఈ లోయకి ఏడాదికి పన్నెండే ట్యాగులు. పది ఈ రాష్ట్రం వాళ్ళకి పోతే బయటివాళ్ళకి మిగిలేవి రెండు. ఆ రెంటి లాటరీకి మూడొందల మంది అర్జీలు పెడతారు. పేరు రాని ఏడల్లా ఒక పాయింటు చేతిలో పెట్టి పంపేస్తారు. పాయింట్లు పెరిగితే వరసలో ముందుకొస్తాం అనుకుంటాం, తీరా చూస్తే మన ముందున్నవాళ్ళకీ పెరుగుతాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు చూడండి, ఆ బాపతు.

మరి ఇన్నేళ్ళూ మీ అర్జీ నింపిందెవరు? నేనే కదా. ఏప్రిల్ వచ్చిందంటే నా పనులు పక్కన పడేసి ముందు మీది నింపేవాణ్ణి. ఆరేళ్ళ కిందట మీరే రాశారు, మోకాళ్ళు అరిగిపోయాయి గార్త్, ఇక ఆపేద్దాం అని. నేను ఆపనిచ్చానా? పన్నెండు పాయింట్లు పోగేసుకుని ఇప్పుడు వదిలేస్తారా, మిమ్మల్ని గుర్రం మీద పైదాకా చేర్చే పూచీ నాది అన్నాను. మొన్న జూన్‌లో మీ పేరొచ్చిందని తెలిసి నేను ఆ కాగితం వంటింట్లో నిలబడి మూడుసార్లు చదివాను. మా ఆవిడ మార్వా అడిగింది, పేరొచ్చింది ఆయనకైతే నువ్వెందుకయ్యా అన్నిసార్లు చదువుతున్నావు అని.

అడగడమే గానీ ఆవిడకి తెలుసు.

ఆ తోపు కనిపిస్తోందా? అదే, పసుపుపచ్చ ఆకుల ఆస్పెన్ చెట్లు, మూడొందల గజాల దూరముంటుంది. మీరు అటు చూడట్లేదు. ఇందాక ఇక్కడ కూర్చోమంటే కూడా కావాలని ఇటు తిరిగి కూర్చున్నారు. గాలి వల్లనా? గాలి లేదండీ.

ఈ లోయకి మీరిదే మొదటిసారి రావడం అన్నారు కదూ. మీ ఊరి దగ్గర వేటగాళ్ళ సంతలో మనం మొదట కలిసినప్పుడూ అదే అన్నారు. నేను బల్ల మీద ఎల్క్ కొమ్ములు పెట్టుకుని కూర్చున్నాను, మీరొచ్చి వాటిని నిమిరారు. ఒక సంగతి చెప్పనా? అప్పటికి నేను వేటకి దారి చూపించేవాణ్ణే కాదు. గుర్రాలకి నాడాలు కొట్టుకునేవాణ్ణి. ఆ కొమ్ములు పక్కూరి వాడి దగ్గర అడిగి తెచ్చినవి. మీరొస్తారని వరసగా మూడు ఫిబ్రవరులు అక్కడ కూర్చున్నాను.

కూర్చోండి. లేవకండి. గుర్రాలు కింద కట్టేసి ఉన్నాయి, మీ మోకాళ్ళతో అక్కడిదాకా దిగలేరు.

మొదటి ఏడు అర్జీ నింపుతుంటే మీ పాయింట్లు చూశాను. రెండు. ఎన్నో ఏళ్ళుగా అర్జీ పెడుతున్నానని సంతలో గొప్పలు చెప్పిన మనిషికి రెండే పాయింట్లు. కూడబెట్టినవన్నీ సున్నాకెలా పడతాయండీ? పేరొస్తే పడతాయి. మరో దారి లేదు. అంతకు మూడేళ్ళ ముందు మీకు ట్యాగొచ్చింది. ఈ లోయకే వచ్చింది.

ఇక్కడ అడవి వార్డెనుగా చేసినాయన మా ఆవిడకి మేనమామ. ఆ ఏటి పన్నెండు పేర్లూ ఆయనే చదివి వినిపించాడు. పదిమంది మావాళ్ళు, అందులో ఒకణ్ణి నేను. మిగతా తొమ్మిది ఇళ్ళకీ వెళ్ళాను. వాళ్ళు పెట్టింది తిన్నాను, ఆ రోజు ఎక్కడున్నారని ఒక్కొక్కణ్ణీ అడిగాను. ఇద్దరు నన్ను బయటికి గెంటేశారు కూడా. తప్పు లేదు లెండి. బయటివాళ్ళిద్దరిలో ఒకడు టెక్సాస్ వాడు, ఆసుపత్రి పాలై అసలు ఇల్లే కదల్లేదు. మిగిలింది ఒక్కడు. లాటరీ వల్ల ఇదొక సుఖముంది చూశారూ, ఎవడికి ఎక్కడ పేల్చే హక్కుందో రాసిపెట్టి ఉంటుంది.

అయినా నాకు నమ్మకం కుదిరింది ఆ కాగితం వల్ల కాదు. మోటెల్ నడిపే ఓపల్ చెప్పిన మాట వల్ల. ఎల్వుడ్ అనే ఆయన పదిరోజులకి గది తీసుకుని మూడో రోజు పొద్దెక్కకుండానే వెళ్ళిపోయాడు బాబూ, బండిలో మాంసం లేదు, కొమ్ములు లేవు, జంతువుని కొట్టాక చింపే ట్యాగు చింపనే లేదు అంది.

ఇప్పుడు నువ్వు చెప్పు ఎల్వుడ్. నువ్వనే అంటున్నాను, ఇక మర్యాదలెందుకు? ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసి తెచ్చుకున్న ట్యాగు, చింపకుండా మూడో రోజే ఎవడు ఇంటికి పోతాడు? జ్వరమొచ్చినా పోడు. ఇంటి దగ్గర అమ్మ పోయిందని కబురొచ్చినా, ఎల్లుండి బయల్దేరతానంటాడు. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు.

ఇది చూడు. తూటా తొడుగు. అప్పట్లో ఈ గట్టు మీదే దొరికింది, ఇప్పుడు నీ కుడికాలున్న చోట. పక్కన ఇది నీ తూటా. రెండూ ఒకటే కదూ? మీ నాన్న తుపాకీ అన్నావు, ఈ రకం ఇప్పుడెవరూ వాడరని మురిసిపోయావు కూడా. నీ తూటా నా చేతికెలా వచ్చిందనా? రాత్రి నువ్వు నిద్రపోయాక తీశాను. నీ తుపాకీలో ఏం లేదు.

వాడి పేరు డెల్. నా తమ్ముడు. ఇరవై ఆరేళ్ళు. అవతల దూరంగా కాపుకాసిన నా వైపు తోపులోంచి ఎల్క్‌లని తరుముతానని వెళ్ళాడు. కొమ్మలు కదిలాయి, గోధుమరంగు కనిపించింది, నువ్వు పేల్చావు. అక్కడిదాకా నేను అర్థం చేసుకోగలను. నిజంగానే చేసుకోగలను. కానీ పేల్చాక వెళ్ళి చూడాలి కదా? తగల్లేదనిపించినా వెళ్ళి నెత్తురు బొట్టు ఉందేమో చూడాలి. పదేళ్ళ పిల్లలకి తుపాకీ చేతికివ్వకముందే నేర్పుతాం. నువ్వు వెళ్ళలేదు. ఎందుకంటే నీకు అరుపు వినబడింది. ఎల్క్ అలా అరవదు.

వాడు వెంటనే పోలేదు. డాక్టరు చెప్పాడు. మధ్యాహ్నందాకా ఉన్నాడట.

ఈ లోయకే అర్జీ పెడదామని నేనంటే ఎందుకు ఊ కొట్టావో నాకు తెలుసు. వద్దంటే ఎందుకని అడుగుతాను కదా. పైగా ఎలాగూ రాదులే అనుకున్నావు, నూటికొక వంతు కూడా లేదని. ఆ ఒక్క వంతే కదా అని నువ్వు ధైర్యంగా బతికావు. నేనూ దాన్నే పట్టుకుని బతికాను.

ఏడవకు. ఏడిస్తే నాకు చిరాకు.

నిన్నేం చేయాలో పంతొమ్మిదేళ్ళు రకరకాలుగా అనుకున్నాను. ఈ గట్టుకి అటుపక్క లోతు చూశావుగా. అదీ అనుకున్నాను. రాత్రి నువ్వు గురకపెడుతుంటే పక్కన కూర్చుని కూడా అనుకున్నాను.

కానీ చేసిన పాపం చెబితే పోతుందంటారు. నాదీ ఒకటుంది. మార్వాకి కూడా చెప్పలేదు. వేటలో మనిషని దూరం నుంచే తెలియడానికి వేసుకునే నారింజరంగు చొక్కా ఆ రోజు మా ఇద్దరికీ ఒక్కటే. వాడిది బండిలో మరిచిపోయాడు. వెనక్కి వెళ్ళి తెచ్చుకుంటానన్నాడు, గంట పడుతుంది, వెలుగొచ్చేస్తుంది పోరా అన్నాను నేను. నాది విప్పి ఇచ్చి ఉండొచ్చు. ఇవ్వలేదు. చలిగా ఉంది. అంతే, ఇంకే కారణమూ లేదు. చలిగా ఉంది.

కాబట్టి సగం నువ్వు చంపావు, సగం నేను. నా సగం ఎవరితో చెప్పుకోను? ఈ భూమ్మీద నువ్వొక్కడివే ఉన్నావు.

ఇదిగో, తెల్లారింది. నీ తూటాలు తీసుకో. పట్టుకో. నేను ఆ తోపులోకి వెళ్ళి ఎల్క్‌లని ఇటు తోలుతాను. నేను వేసుకున్నది డెల్ కోటే, గోధుమరంగు. నా నారింజ చొక్కా ఈ రాయి మీద పెడుతున్నాను, చలేస్తే కప్పుకో.

ట్యాగు నీది. హక్కు నీది. పేలుస్తావో మానేస్తావో నీ ఇష్టం.

పేలిస్తే మాత్రం, ఈసారి వెళ్ళి చూడు.