గోపాలస్వామి పట్టిన పాకం

మద్రాసు నుంచి ఆంధ్ర వేరుపడిన మరుసటేడు, చెరుకు ఆడే కాలం. గుడియాత్తం బస్టాండు పక్కన దేవకి టీ అంగడిలో పొద్దుటి పూట నలుగురు కూచోనుండినారు. దేవకి టీ పోస్తా, "ఈ ఏడు చౌడప్ప వండిన బెల్లం నోట్లో పెడితే కరిగిపోతా ఉండాదప్పా" అనింది. అంతే, బెంచీ మీదుండిన గోపాలస్వామి గ్లాసు కింద పెట్టేసినాడు.

"చౌడప్పా? వానికి బెల్లం వండేది నేర్పింది ఎవురమ్మా? నేను. అప్పుడు వాడు నా పొయ్యిలో చెరుకు పిప్పి ఎగదోస్తా ఉండె. ఇప్పుడు వానింటికి రైతులు పోయి పిలుస్తారు, పాకం పెనం దించినాక కొత్త పంచె పెడతారు. నన్ను చూస్తే 'రేపు చూద్దాం స్వామీ' అంటారు. నాకేం కడుపుమంట లేదు, జరిగింది చెప్తా ఉండా.

"నాట్రంపల్లిలో ఒకసారి పెనం అడుగంటింది. రైతు తల పట్టుకోని కూచున్నాడు. నేను దోవన పోతా వాసన పట్టి లోపలికి పోయినా. ఇంత సున్నం ఏసి, బెండచెట్టు జిగురు కలిపినా. మడ్డంతా తెట్టు కట్టి పైకొచ్చింది, తీసేసినా. బెల్లం నిమ్మపండు రంగులో దిగింది."

"అది జరిగేదే" అన్నాడు ఎదర కూచోనుండిన చెరుకు రైతు రాఘవులు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వాసనకి జోలార్‌పేట నుంచి వస్తా ఉండే రైలు నిలిచిపోయింది. డ్రైవరు దిగి బెల్లం తిని, బొగ్గు అయిపోయింది సామీ అన్నాడు. రెండు బెల్లం అచ్చులు తీసుకోని ఇంజిన్ పొయ్యిలో ఏసినా. కాట్పాడిలో బ్రేకేస్తే నిలవలేదు, అరక్కోణం దాకా పోయింది. చౌడప్ప బెల్లానికి రైలు నిలిచిందా ఎప్పుడన్నా?"

"నిలవలేదన్నా" అనింది దేవకి, గ్లాసులు కడగతా.

"మన ఏటికి వరదొచ్చినప్పుడు చెరువు కట్ట తెగింది కదా. ఇసక మూటలు కొట్టుకపోయినాయి. నేను పెనంలో పాకం పట్టింది పట్టినట్టే గండిలో పోసినా. ఇనుము మాదిరి గట్టిపడింది. అయితే చెరువు తియ్యనైపోయింది. వేలూరు దాకా ఆరు నెలలు కాఫీలో చక్కెర ఎవురూ ఏసుకోలేదు. అప్పుడు కూడా చౌడప్ప కట్ట మీద నిలబడి చూస్తా ఉండె, అంతే.

"అంత దాకా ఎందుకు, పోయినేడు ఈ ఊరు తెలుగా అరవమా తేల్చేదానికి ఆఫీసర్లు రాలేదా? మన మర్యాద అని తలా ఒక ముద్ద పెట్టినా. దవడలు అతుక్కపోయినాయి. తెలుగు అని చెప్పబోయినారు, నోరు తెరుచుకోలేదు. రాయబోతే వేళ్లు అతుక్కపోయినాయి. తల ఊపబోతే అడ్డంగా ఊగింది. అందుకే మనం ఇంకా ఈ అరవ పక్కనే ఉండాం. ఒక రాష్ట్రం గీతనే నిలబెట్టిన బెల్లం నాయనా నాది. వాడు చేసింది బెల్లమంట."

దేవకి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. రాఘవులు మాత్రం నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి లేచినాడు.

"స్వామీ, ఇయ్యాల నా బెల్లం వండాల్సిన చౌడప్పకు చలిజ్వరం. మందు తీసుకపోదామని వచ్చినా. నిన్న నరికిన చెరుకు, గానుగ తిరగతా ఉండాది. ఇంకా ఆగితే రసమంతా పులిసిపోతాది. నీ శిష్యుడు వండితేనే అట్లుంటే గురువు వండితే ఇంకా బాగుంటాది. బండి బయటుండాది, రా."

గోపాలస్వామి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. మళ్లా తుడుచుకున్నాడు.

"చలిజ్వరమా? పాపం" అన్నాడు. "మాట్లాడతా ఉండాడా?"

"మాట్లాడతాడు. అయితే పాకం ఎప్పుడు దించాలో వాడు నోటితో చెప్పలేడు స్వామీ. ఎన్నో సార్లు అడిగినా. నీళ్లల్లో ఇంత పాకం ఏసి, వేళ్ల మధ్య నలిపి, 'ఆ, దించండి' అంటాడు. అంతే, ఇంకేం అడిగినా నవ్వుతాడు."

గోపాలస్వామి కొంచెం సేపు బండి వైపు చూసినాడు. పోకపోతే రాఘవులు ఇంకొకరిని వెతుక్కుంటాడు, అందరూ తనకు చేతగాదంటారు, పేరు మళ్లా చౌడప్పకే మిగిలిపోతాది. లేచి తువ్వాల భుజాన ఏసుకున్నాడు.

"అయితే వాణ్ని మంచంతో పాటు ఎత్తుకోని రాండి. పెనం పక్కనే దించి దుప్పటి కప్పండి. వాడు ఆ చెయ్యి ఒకటి బయట పెడితే చాలు, మిగతాదంతా నేను చూసుకుంటా."