ముందు కూర్చో

అక్క కుట్టు మిషన్ ముందుంది. బస్సు నడిపే తమ్ముడు డ్యూటీకి వెళ్తూ వెళ్తూ ఆవిడ చేతికి చిక్కి, ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"మళ్లీ మొదటి నుంచి. ఎదురింటివాళ్లు నా కుట్లన్నీ విప్పేస్తున్నారు రా."

"వాళ్లకేం పనీపాటా లేదా అక్కా?"

"తప్పు."

"సరే. నాలుగు తగిలించి వస్తా, ఉండు."

"ఇంకా తప్పు. జబ్బు తిరగబెట్టి నేనిలా అన్నప్పుడు ఔనన్నావంటే దానికి ఆజ్యం పోసినట్టే. కాదన్నావంటే ఇక నీతో చెప్పను."

"ముందు నుయ్యి, వెనక గొయ్యి. నీకంటే నా బస్సే నయం. బ్రేకు తొక్కితే వింటుంది."

"ముందు కూర్చో. తాడిచెట్టులా మీద నిలబడితే నాకు పోలీసులా కనిపిస్తావు."

"కూర్చున్నాననుకో. తర్వాత?"

"భయంగా ఉందా అని అడుగు. నిద్రపోయావా అని అడుగు. ఆ తర్వాత, డాక్టరుకి ఫోన్ చేద్దామా అని. చేస్తా అని కాదు, చేద్దామా అని."

"నాకు లైసెన్సు ఇంతకంటే తేలిగ్గా ఇచ్చారు. రేపు నేర్చుకుంటాలే అక్కా, డ్యూటీకి టైమవుతోంది."

"ఇవాళే నేర్చుకో. పోయినసారి నేను చెప్పినప్పుడు ఏం చేశావ్?"

"ఇప్పుడదెందుకులే."

"నవ్వావు."

"వేళాకోళం అనుకున్నా."

"తర్వాత పదకొండు రోజులు నేనెవరికీ చెప్పలేదు. పన్నెండో రోజు నలుగురు పట్టుకుంటే గానీ ఆసుపత్రికి రాలేదట."

"తెలుసు. ఒక కాలు నేనే పట్టుకున్నా."

"అందుకే నేర్పుతున్నా. ఈసారి ముందుగా నీకే చెప్పేలా ఉండాలి నాకు."

"సరే అక్కా. కానియ్, ఇంకోసారి."

"ఈ చొక్కా చూడు. పొద్దున కుట్టా. కుడిచెయ్యి కుట్లు మొత్తం విప్పేశారు."

"ఎదురింటివాళ్లేనా?"

"కాదు. ఈసారి ఎవరో తెలీడం లేదు."

"ఇది ఇందాక లేదే, కొత్తగా కలిపావా? భలే చేస్తున్నావ్, కుట్లన్నీ ఉన్న చొక్కా పట్టుకుని కిటికీ వైపు కూడా చూస్తున్నావ్. నువ్వు నాటకాల్లో చేరాల్సింది."

"పాఠం ఇందాకే అయిపోయింది రా."

"అంటే?"

"నవ్వకు."

"నవ్వట్లేదు. ఉండు, ఆ స్టూలు ఇటు జరుపు. కూర్చున్నా. ఇదిగో, కూర్చున్నానక్కా. భయంగా ఉందా?"