రేడియో ఆయన కోసం మైల

"ముందు ఆ పొయ్యి ఆర్పు పున్నమ్మా! ఆ బజ్జీల మూకుడు దించు! అంతటి మనిషి పోయి ఒక పూట కాలేదు, ఇక్కడ నూనె సలసల కాగుతోంది. సిగ్గుండాలి ఈ ఊరికి!"

అంకమ్మరావు తడిబట్టలతోనే వచ్చి టీకొట్టు బల్ల మీద కూలబడ్డాడు. రేడియోలో రైతుల కార్యక్రమం చెప్పే జానకిరామయ్య గారు పోయారని పొద్దున వార్తల్లో చెప్పారు. వినగానే బోరింగు కింద కూర్చుని పంచెతో సహా తలారా పోసుకున్నాడట. కొట్టు నడిపే పున్నమ్మ మాత్రం పొయ్యి ఆర్పలేదు. బజ్జీలు తిరగేస్తూనే ఉంది.

"పంతులుగారూ, దీనికి చెప్పి లాభం లేదు. మీరు చెప్పండి. నాకు మైల ఎన్ని రోజులు?"

పురోహితుడు గురునాథం గారు సైకిలు స్టాండు వేసి బల్ల చివర కూర్చున్నారు. "నీకెందుకయ్యా మైల? ఆయనది మీ ఇంటిపేరు కాదు, మీ గోత్రం కాదు. అసలాయన మొహం ఎప్పుడైనా చూశావా?"

"చూశావా అంటారా! ఒరేయ్ జయరావూ, విన్నావట్రా? నన్ను పట్టుకుని చూశావా అంటున్నారు!"

మార్టూరు క్వారీలో రాళ్ళు కొట్టే జయరావు టీ ఊదుకుంటూ, "చెప్పన్నా, ఎట్టాగూ చెప్తావుగా" అన్నాడు.

"చెప్తా. ఎనభై నాలుగులో పత్తికి తెల్లదోమ పడిందా? నేనొక కార్డు ముక్క రాశాను. అయ్యా, మందు కొట్టీ కొట్టీ చేతులు పడిపోతున్నాయి, దోమ మాత్రం పోవట్లేదు అని. ఆయన నా పేరు చదివాడు. అంకమ్మరావు గారు అడుగుతున్నారు అన్నాడు. గారు అన్నాడురా! ఈ ఊళ్ళో ఒక్క వెధవైనా నన్ను గారు అన్నాడా?"

"అది నేనూ విన్నానయ్యా" అన్నారు పంతులుగారు.

"విన్నారుగా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరక్కుండా మార్టూరులో బస్సు దిగి, నడుచుకుంటూ మా ఇంటికొచ్చాడు. అప్పట్లో ఆయన గొంతు ఇదికాదు, పిల్లికూతలాగా ఉండేది. అన్నంలో మా చేలో మిరపకాయ ఒకటి కొరుక్కున్నాడు. అంతే! మూడు రోజులు కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, నోట మాట లేదు. నాలుగో రోజు నోరు తెరిచాడు చూడు, ఉరిమినట్టుంది! మీరంతా ఆహా ఓహో అన్న గొంతు నా మిరపకాయ పెట్టిన భిక్షరా!"

"మరి అందరం అవే కాయలు తింటున్నాం, మాకు రాలేదేం?" అంది పున్నమ్మ.

"నీకు రాలేదా! నీ గొంతు అద్దంకి దాకా వినపడుద్ది, ఊరుకో. ఇదంతా ఒక ఎత్తు. డెబ్భై ఏడు గాలివానప్పుడు రేడియో స్టేషను స్తంభం ఊగిపోతోంది. అయ్యా అంకమ్మరావు గారూ, మీరే దిక్కని నాకు కబురు..."

"ఆగన్నా. ఆయనతో పరిచయం ఎనభై నాలుగులో అన్నావుగా?"

"పరిచయం అప్పుడురా! స్నేహం అంతకు ముందు నుంచీ ఉంది. మధ్యలో అడ్డం రాకు, ఒళ్ళు మండుద్ది నాకు. నా ఎడ్ల జత తోలుకుపోయి, రెండు మోకులేసి స్తంభాన్ని కాడికి కట్టాను. గాలి ఎట్టాంటిది? ఎడ్లు రెండూ గాలిపటాల్లా లేచినయ్యి. ఒకటి సింగరాయకొండ మీదుగా ఎగురుతూ రంకేసింది కూడా. నేను ఈ చేత్తో మోకు పట్టుకున్నాను, ఈ చేత్తో నా ట్రాన్సిస్టరు మీట తిప్పుకుంటున్నాను, ఆయన గొంతు వస్తోందా లేదా అని. ఒక్క మాట తెగలేదు! తుపాను వెళ్ళిపోయాకే వదిలాను."

"ఎడ్లేమైనయ్యి?"

"దిగినయ్యి. పొదిలిలో దిగినయ్యి. పొదిలంటే గుర్తొచ్చింది, వానలు పడతాయని చెప్పేముందు ఆయన నన్నడగందే చెప్పేవాడు కాదు. ఒకసారి నేను వాన అన్నాను, ఆయన వాన అని చెప్పేశాడు, ఆ దొంగమబ్బేమో పొదిలి వైపు మళ్ళింది. ఆయన మాట పోతే నా మాట పోయినట్టేగా? కళ్ళంలో మిరపకాయల గుట్టెక్కి ఒక్క కేక వేశాను. మబ్బు వెనక్కి తిరిగొచ్చి మన ఊరి మీద కుమ్మరించింది. ఆ కోపంతో పొదిలి వాళ్ళు ఇవాళ్టికీ మా వాళ్ళకి పిల్లనివ్వరు!"

జయరావుకి పొలమారింది. పంతులుగారు కండువా అడ్డం పెట్టుకుని నవ్వారు.

"నవ్వండి! మనిషి పోయాడు, నవ్వండి! పోయినేడు ఆయన గొంతు పూర్తిగా పడిపోయిన సంగతి మీకెవరికైనా తెలుసా? తెలియనిచ్చానా నేను? నా గొంతు తీసి ఇచ్చాను. నలభై రోజులు మూగవాణ్ణై కూర్చున్నాను."

"నలభై రోజులు నువ్వు మాట్లాడకుండా ఉంటే ఊరంతా పొంగళ్ళు పెట్టుకునేది మావా, మాకు గుర్తుండదా?" అంది పున్నమ్మ.

"ఛీ, నీతో ఏంటే! తిరిగిచ్చేటప్పుడు సగమే ఇచ్చాడు పంతులుగారూ, సగం ఆయన దగ్గరే ఉండిపోయింది. ఇవాళ పోయిన గొంతులో సగం నాది! దాయాదికంటే దగ్గర కాదూ? ఇప్పుడు చెప్పండి, మైల ఎన్ని రోజులు? ఊరు ఊరంతా కొట్లు కట్టెయ్యాలా వద్దా?"

పున్నమ్మ గరిటె పక్కన పెట్టింది. "బాపయ్యకి ఎన్ని రోజులు పట్టావు మావా?"

జయరావు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"ఇప్పుడు వాడి మాటెందుకే?"

"ఎందుకేంటి? నీ తోడబుట్టినవాడు. పోయినేడు పత్తిచేలోనే పురుగుల మందు తాగి పోయాడు. నెత్తిన చెంబుడు నీళ్ళు పోసుకున్నావా నువ్వు? వాడి పెళ్ళాం పిల్లల్ని పలకరించావా? జానెడు గట్టు కోసం వాడితో మూడేళ్ళు మాటల్లేవు. రేడియో ఆయనకి నీ చేను పక్కన చేను లేదు, నీ గట్టు జరపలేదు, నిన్ను ఒక్క మాట అనలేదు. అట్టాంటి వాడి కోసం ఎవరైనా ఏడుస్తారు!"

"కబురు పెట్టారా నాకు? పెట్టారా వాళ్ళు?" అంకమ్మరావు బల్ల మీద గుద్దాడు. గ్లాసులు ఎగిరిపడ్డాయి. "పిలవని చావుకి ఎట్టా పోతానే? రేడియో నయం, అందరితోపాటు నాకూ చెప్పింది!"

"పాడె నీ గుమ్మం ముందు నుంచే పోయింది. ఇంకేం కబురు కావాలి నీకు?"

అంకమ్మరావు లేచి నిలబడ్డాడు. పున్నమ్మను బూతులు తిడతాడనుకున్నారు అందరూ. జయరావు అడ్డం పడబోయాడు.

"తలుపేసుకున్నాను" అన్నాడు అంకమ్మరావు. కోపం తగ్గలేదు గానీ అది ఎవరి మీదో తెలియడం లేదు. "డప్పులు వినపడకుండా రేడియో గట్టిగా పెట్టుకున్నాను. మధ్యాహ్నం పన్నెండున్నర, ఆయనొచ్చాడు. మిరపనారు సంగతి చెప్పాడు. పాడె మలుపు తిరిగిందాకా ఆగకుండా చెప్తూనే ఉన్నాడు. ఆ రోజు నాతో ఇంకెవరూ మాట్లాడలేదు పున్నమ్మా, ఆయనొక్కడే. ఏం చెప్పాడో ఒక్క ముక్క గుర్తులేదు. లేచి తలుపు తీసి నాలుగడుగులు వేస్తే పాడెకి భుజం పట్టేవాణ్ణి. వెయ్యలేదు."