పూడ్చక్కర్లేని దానిమ్మ

కువా ఊళ్ళో ఆకు రాలిందంటే ప్రతివాడూ పార పట్టాల్సిందే, దానిమ్మ పొదల్ని నేలకి వంచి మట్టి కప్పాల్సిందే. లేకపోతే చలికి వేళ్ళతో సహా చస్తాయి. ఈ ఏడు హమ్‌దమ్ బాబాయివి మాత్రం పదకొండు పొదలూ ఇంకా నిటారుగానే ఉన్నాయి. వారం నుంచి నడుం పట్టేసి ఆయన చెప్పులు తొడుక్కోవడానికే వంగలేకపోతున్నాడు. రాత్రికి నీళ్ళు గడ్డకడతాయంటున్నారు. పోనీ నోరు తెరిచి సాయం అడుగుతాడా? చచ్చినా అడగడు. పొద్దున్నే వచ్చి టీ దుకాణంలో కూర్చున్నాడు, గుండెల్లో మాత్రం ఒకటే గుబులు.

"ఏం బాబాయ్, నీవి ఇంకా పూడ్చలేదేం?" అన్నాడు రొట్టెలమ్మే మమసాదిక్.

"నా వాటికి పూడ్చడమేమిట్రా! ఒక ఏడు ఒక పొదని కావాలనే బయట వదిలేశా. తట్టుకుంది."

"అంతేనా?"

"అంతేనా అంటే అంతేనా! మొదటిరోజు మంచు మోకాలిదాకా, మర్నాటికి మెడదాకా. ఓ పిచ్చుక ఎగరబోయి, రెక్కలు విప్పింది విప్పినట్టే గాల్లో బిగుసుకుపోతే, మీ పిన్ని దానిమీద తువ్వాలు ఆరేసింది!"

"దానిమ్మ సంగతి చెప్పవయ్యా!"

"వస్తున్నా, ఉండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ మంచులోనే పూసింది, కాసింది! కాయ కోస్తే గింజలన్నీ నిప్పుకణికలే, వాటిమీదే పలావు వండేశాం. ఆ వెచ్చదనానికి కొండమీది తోడేళ్ళు దిగొచ్చి పొద కింద ముడుచుకు పడుకున్నాయి. మా గొర్రెలు పోయి వాటి మధ్యలో దూరాయి. ఎండాకాలం వచ్చినా లేవవే! చివరికి నేనే కాళ్ళు పట్టుకుని ఈడ్చి..."

"తోడేళ్ళనా?"

"మరి? తలా ఓ కాయ ఇచ్చి సాగనంపా. నమ్మకపోతే ఇప్పుడే పోయి చూడండి, నా పొదలు ఎంత ధీమాగా నిలబడ్డాయో!"

"చూసే వస్తున్నాం బాబాయ్," అన్నాడు అప్పుడే లోపలికొచ్చిన పక్కింటి ఎర్గాష్. వెనకాల వీధివాళ్ళు నలుగురు, మోకాళ్ళదాకా మట్టి. "నీ నడుం సంగతి పిన్ని పొద్దున్నే చెప్పింది. పదకొండూ పూడ్చేశాం."

దుకాణమంతా గొల్లున నవ్వింది. హమ్‌దమ్ చెవులు సిగ్గుతో ఎర్రబడ్డాయి. వారంనాటి దిగులు ఒక్కసారి దిగిపోయి ప్రాణం లేచొచ్చింది. ఎర్గాష్ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు:

"వంచేటప్పుడు కొమ్మలేం విరగలేదు కదరా?"