ఎవరి కుర్చీ వాళ్ళు మోయండి

సభాధ్యక్షులు పాస్టర్ గారికి, ముఖ్య అతిథిగా వచ్చిన బ్యాంకు మేనేజరు గారికి, ముందు వరుసలో ఉన్న సంఘ పెద్దలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మా వర్క్‌షాపు మిత్రులకు, అందరికన్నా ముందు చెప్పాల్సి ఉండీ నా తొందరలో చివరికి మిగిలిపోయిన మన అత్తయ్యగారికి నమస్కారం. నాకు రెండు నిమిషాలే ఇచ్చారు. ఇచ్చినవాళ్ళకు నా నోటి సంగతి తెలుసు, అందుకే తక్కువిచ్చారు. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడిన పెద్దలు అత్తయ్యగారిని దయామయి అన్నారు, త్యాగమూర్తి అన్నారు, కొవ్వొత్తి కూడా అన్నారు. నేను చూసిన మనిషికి మోకాళ్ళ నొప్పులున్నాయి, ముక్కు మీద కోపం ఉంది. కుర్చీలు పేర్చిన స్టోరుగదిలో స్టూలు మీద కూర్చుని, కష్టంలో పడ్డ ఇరుగుపొరుగుకు ఈ చర్చి తరఫున అత్యవసర సాయం అందించింది, ఇవాళ్టితో ఆ పని నుంచి దిగిపోతోంది. ఆవిణ్ణి కుర్చీల అత్తయ్య అని ఎందుకంటారో ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మందికి తెలియదు. తెలిసిన సగం మంది చెప్పరు. నేను చెబుతాను. అత్తయ్యా, అలా తల అడ్డంగా ఊపకండి, మైకు నా చేతిలో ఉంది.

ఇంకెవరి సంగతీ ఎత్తను, నాది మాత్రమే చెబుతాను. మా వర్క్‌షాపు గేటుకు యజమాని తాళం వేసినప్పుడు జీతాలు ఆగిపోయాయి. ఇంట్లో మా నాన్న ఊపిరి ఒక మిషను మీద నడుస్తోంది, ఆ మిషను కరెంటు మీద నడుస్తోంది, ఆ కరెంటు తెల్లారి కోసేస్తామని ఆఫీసువాళ్ళు చెప్పి వెళ్ళారు. మేం ఈ సంఘం వాళ్ళం కాదు, ఈ గేటు ఏనాడూ దాటినవాళ్ళం కాదు. అమ్మ పోరు పడలేక వచ్చాను. వచ్చానే గాని, ఉద్యోగం ఎందుకు పోయింది, తాగుతావా, ఏ దేవుడికి మొక్కుతావు అని ఎవరైనా అడిగితే ఏం తిట్టాలో దారి పొడుగునా కూడబలుక్కుంటూ వచ్చాను. ఆవిడ ఇవేవీ అడగలేదు. "ఎవరికి కట్టాలి? ఎప్పటిలోగా?" అంతే అడిగింది. ఇక్కడ సాయం చేతికివ్వరు. అద్దె అయితే ఇంటివాళ్ళకు, మందులైతే దుకాణానికి, కరెంటైతే ఆఫీసుకు చర్చే నేరుగా కడుతుంది. ఆ పూటే కట్టేస్తామని చెప్పి, ఒక మడత కుర్చీ తీసి నా చేతిలో పెట్టింది. "హాల్లో వేసి, అటునుంచటు వెళ్ళు" అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఊరికే ఇవ్వరన్నమాట. చాకిరీ చేయించుకుని ఇస్తారు" అన్నాను.

"ఓరి తిక్క సన్నాసీ! ఒట్టి చేతులతో తలొంచుకుని బయటికెళ్తే ఎందుకొచ్చావో వీధి మొత్తం కనిపెడుతుంది. కుర్చీ పట్టుకుంటే సర్దడానికొచ్చావనుకుంటారు. నోరు మూసుకుని మొయ్యి."

మోశాను. నడవలో ఇంకొకాయన కుర్చీతో ఎదురయ్యాడు. మా పేటలో కాలరెగరేసుకుని తిరిగే పెద్దమనిషి.

"ఏం తమ్ముడూ, సర్దుతున్నావా?"

"ఆఁ బాబాయ్, సర్దుతున్నా. మీరో?"

"నేనూ అంతే. అత్తయ్య వదలదుగా."

ఆయన నిజంగా కుర్చీలు సర్దడానికే వచ్చాడో, నాలాగే వచ్చాడో నాకు ఈ రోజుకీ తెలియదు. నాకు తెలియకుండా ఉంచడమే అండీ ఆవిడ చేసిన అసలు ఉద్యోగం. మా నాన్న మిషను ఆగలేదు. ఆయన ఈ పూట కూడా ఇంట్లో కూర్చుని నన్ను తిడుతూనే ఉన్నాడు. (నవ్వులు)

ఇంక నా కడుపుమంట. కమిటీవారు ఈ సందర్భంగా మూడు మంచి పనులు చేస్తున్నామని ఇందాక ప్రకటిస్తే మనమందరం చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను, కొట్టాక నా చేతుల్ని నేనే అసహ్యించుకున్నాను. మడత కుర్చీలన్నీ తీసేసి సోమవారం నుంచి నేలకు బిగించిన బెంచీలు వేస్తారట. సాయం కోరేవాళ్ళ సౌకర్యం కోసం వరండాలో బల్ల వేసి, దాని పైన 'సాయం కోరేవారు ఇక్కడికి రావాలి' అని వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి కనబడే బోర్డు పెట్టారు. సాయం పొందినవాళ్ళు ఆదివారం ఆరాధనలో ఇదే మైకు దగ్గరికొచ్చి కృతజ్ఞత చెప్పాలట. మేనేజరు గారు దీన్ని పారదర్శకత అన్నారు. అయ్యా, పారదర్శకత మీ లెక్కలకు పెట్టుకోండి. దిక్కుతోచక వచ్చినవాడి మొహానికి పెట్టకండి.

మొన్న సాయంత్రం నేను ఈ హాల్లో ఫ్యాను బాగుచేస్తూ కిటికీలోంచి చూశాను. ఒక మనిషి గేటు లోపలికొచ్చి, ఆ బోర్డు చదివి, ఏదో మరిచిపోయినట్టు నుదురు కొట్టుకుని వెనక్కి తిరిగారు. ఆడో మగో కూడా చెప్పను. నేను నిచ్చెన దిగి పరిగెత్తేసరికి మలుపు దాటేశారు. అప్పట్నుంచి నాకు ఒక చోట కాలు నిలవడం లేదు. ఆ ఇంట్లో ఏ మిషను ఆగబోతోందో, ఏ తలుపుకు తాళం పడబోతోందో! పాస్టర్ గారూ, మీరు మంచివారు. సంతకం పెట్టిన ఏ సాయమూ ఎవరికని గుచ్చి గుచ్చి అడగలేదని అత్తయ్యే చెప్పింది. అందుకే కమిటీని వదిలి మిమ్మల్నే అడుగుతున్నాను, ఆ బోర్డు ఈ రాత్రికే పీకించండి. మనిషి లేడంటే స్క్రూడ్రైవరు నా జేబులోనే ఉంది. (నవ్వులు)

అత్తయ్య ఇప్పుడు నన్ను కళ్ళతోనే తిడుతోంది. ఇన్నేళ్ళు దాచింది మైకులో వాగేశావు కదరా, ఇకమీదట కుర్చీ పట్టుకున్న ప్రతివాణ్ణీ అదోలా చూస్తారు కదరా అని. ఆలోచించే వాగాను అత్తయ్యా. కొందరే మోస్తే అదోలా చూస్తారు. అందరూ మోస్తే ఎవరు ఎవర్ని చూస్తారు? బెంచీలు వద్దు. ప్రతి ఆదివారం పిల్లా పెద్దా, ఉన్నవాడూ లేనివాడూ ఎవరి కుర్చీ వాళ్ళు స్టోరుగదిలో పెట్టి రావాలి. ఆ తలుపు లోపలికి వెళ్ళని మనిషి ఈ పేటలో ఉండకూడదు. అత్తయ్య దిగిపోయాక ఆ స్టూలు మీద కూర్చునేవాళ్ళు దొరకలేదనే కదా మీ బెంగ? నేను కూర్చుంటాను. నేను సంఘం వాణ్ణి కాను, నాకు నోరు జాస్తి. ఆ రెండు ప్రశ్నలు మాత్రం కంఠతా వచ్చు. మూడోది నా నోట రాదు. ఏమంటారు అత్తయ్యా?

(ముందు వరుసలోంచి అత్తయ్య: "ఇంక ఆపి కుర్చీ తియ్యరా!" నవ్వులు, చప్పట్లు)

విన్నారుగా. మా నాన్న తరఫున, నడవలో ఎదురైన బాబాయి తరఫున ఆవిడకు దండాలు. నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. పాస్టర్ గారూ, మేనేజరు గారూ, మీరు కూర్చున్నవి కూడా మడత కుర్చీలే. ముందు మీరు లేవాలి. నాది నేను తీసుకున్నాను, స్టోరుగది తలుపు తెరిచే ఉంది. సెలవు.