ఇనుపరెక్కకి రంపం వాయించిన మావయ్య

ఆ వీధిలో వడ్రంగి మావయ్యని ఎవరూ వడ్రంగి మావయ్య అనరు, కోతల మావయ్య అంటారు. రంపంతో కోసిన చెక్క కంటే నోటితో కోసిందే ఎక్కువని ఆ పేరొచ్చింది. ఆయనకి అదేం పట్టింపు లేదు. "ఏ కోతకైనా పదునుండాలమ్మా, మొండి రంపంతో ఏం కోస్తాం," అంటాడు.

ఆ పొద్దున ఆయన సంచీ భుజాన వేసుకుని వస్తుంటే టీకొట్టు అక్క గుండె గుభేలుమంది. ఎందుకొస్తున్నాడో ఆవిడకి తెలుసు. టీకొట్టుని ఆనుకునే ఆవిడ తమ్ముడి టైలరు షాపు. ఆ షాపులో అలమరాలు విప్పడానికి వస్తున్నాడు. విప్పినవి బండికెక్కించి ఊరి అవతలి కొసకి తీసుకెళ్లిపోతాడు తమ్ముడు. ఈ షాపు తాళం సాయంత్రానికి ఇచ్చేస్తానని షాపు యజమానితో చెప్పేశాడు కూడా.

ఇంత రభసకీ కారణం ఏ ఆస్తి తగాదానో అయితే అక్క కూడా సరిపెట్టుకునేది. కారణం ఒక సినిమా. అది కూడా సినిమా కథ కాదు, సినిమాలో సంగీతం.

ఇనుపరెక్క మూడో భాగం వచ్చిందని ఆవిడ మొగుడూ తమ్ముడూ కలిసే వెళ్లారు. బావాబావమరుదులిద్దరికీ ఆ రెక్కలవాడంటే చిన్నపిల్లలకున్నంత పిచ్చి. బయటికొచ్చి స్కూటర్ల దగ్గర నిలబడ్డాక మొగుడు అన్నాడు, "ఇదేం సంగీతంరా? మా మెకానిక్ షెడ్డులో పాడైన ఇంజను స్టార్టు చేసినా ఇంతకంటే రాగం పలుకుతుంది. మొదటి భాగంలో బాణీ ఈలేస్తే వీధంతా గుర్తుపట్టేది."

"నీ చెవులు పాతబడ్డాయి బావా. ఇప్పటి సంగీతం ఈలేసుకోడానికి కాదు, గుండెలో దిగడానికి," అన్నాడు తమ్ముడు.

"దిగింది కదా, అయితే ఒక్క ముక్క కూనిరాగం తీసి చూపించు."

తమ్ముడు పౌరుషంగా గొంతు సవరించుకున్నాడు. "ఢూం... ఢూం... ఢుఢూం..." అన్నాడు. స్కూటర్ల దగ్గరున్న జనమంతా గొల్లున నవ్వారు. పరువు పోయిన కోపంలో తమ్ముడు ఏదో అన్నాడు, బావ ఇంకేదో అన్నాడు, మాటా మాటా పెరిగి చివరికి బావ నోట్లోంచి జారకూడని మాట జారింది. "మా ఇంట్లో కంచం ముందు కూచుని తినేవాడివి, నాకు పాఠాలు చెప్తావేంట్రా?"

అంతే. మర్నాటి నుంచి తమ్ముడు మధ్యాహ్నం భోజనానికి రావడం మానేశాడు. అమ్మ పోయాక చంకనేసుకుని పెంచిన తమ్ముడు గోడ అవతలే కూచుని రొట్టెముక్క నములుతుంటే అక్కకి ముద్ద దిగేది కాదు. మొగుడికి చెబితే "నేనేం అన్నాననీ?" అంటాడు. అని, రాత్రి పక్క మీద అటూ ఇటూ దొర్లుతాడు. తప్పని తెలుసు, ఒప్పుకోడానికి మొహం చెల్లదు.

అందుకని మావయ్య సంచీ దించకముందే అక్క గ్లాసు నింపి ఎదురెళ్లింది.

"ముందు టీ తాగు మావయ్యా. అలమరాలకేం కాళ్లున్నాయా, పారిపోడానికి?"

మావయ్య బల్ల మీద కూచున్నాడు. బల్ల ఆ చివర లెక్కల మేస్టారు పేపరు చదువుకుంటున్నాడు. ఎదురుగా ఉన్న మెకానిక్ షెడ్డు నుంచి మొగుడు చేతులు తుడుచుకుంటూ టీకి వచ్చి, షాపు వైపు వీపు పెట్టి కూచున్నాడు. తమ్ముడు గుమ్మంలో బట్టల తానులు సర్దుతూ ఇటు చూడనట్టే ఇటు చూస్తున్నాడు.

"మావయ్యని తొందరగా రమ్మని చెప్పక్కా. కొంతమందిలా నాకు కబుర్లాడే తీరిక లేదు," అన్నాడు తమ్ముడు గాలిలోకి.

"గుండెలో దిగే సంగీతం వినేవాళ్లకి తీరికెక్కడుంటుందిలే అని చెప్పవే," అన్నాడు మొగుడు వీధిలోకి.

మావయ్య ఒక గుక్క తాగి మీసం తుడుచుకున్నాడు. "ఓహో, ఇంకా ఆ రెక్కలవాడి గొడవేనా? మీ ఇద్దరూ ఉత్తినే కొట్టుకుచస్తున్నారు. అసలు సంగతి నన్నడగాలి. ఆ సంగీతం పుట్టినప్పుడు ఆ గదిలో ఉన్నది నేను."

మేస్టారు పేపరు మడిచాడు. తమ్ముడు బట్టల తాను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఇది చూసింది అక్క. మావయ్య నోరు తిరిగినంతసేపూ చేతులు తిరగవు, చేతులు తిరగనంతసేపూ అలమరాలు గోడకే ఉంటాయి. ఎప్పుడూ "చాల్లే మావయ్యా" అనే మనిషి, ఆ రోజు స్టూలు లాక్కుని కూచుంది. "నిజంగానా మావయ్యా? ఎలా?"

అడిగేవాళ్లుంటే మావయ్యకి అంతకంటే ఏం కావాలి?

"పాటలు రికార్డు చేసే గది తలుపు బిగుసుకుపోయిందని పిలిచారమ్మా. పెద్ద పనేం కాదు. తలుపు ఊడదీసి, వరండాలో పడుకోబెట్టి అంచు చిత్రిక పడుతున్నా. లోపల సంగీత దర్శకుడు జుట్టు పీక్కుంటున్నాడు, హీరో ఎగిరేటప్పుడు వచ్చే బాణీ కుదరట్లేదట, గెడ్డం ఇంత పెరిగింది పాపం. నేను చిత్రిక తోశాను, సర్ర్‌ర్‌ర్... టక్. 'ఆగవయ్యా!' అని ఒక్క కేక. చచ్చాంరా, తలుపు పాడుచేశానేమో అనుకున్నా. పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని 'మళ్లీ తొయ్యి' అన్నాడు. తోశాను. ఇప్పుడు చెప్పవయ్యా మెకానిక్కూ, మొదటి భాగంలో ఆ బాణీ ఎలా మొదలవుతుంది?"

మొగుడు తనకి తెలీకుండానే ఈలేశాడు. సాగదీసిన స్వరం, చివర చిన్న విరుపు.

"అదే! ఆ సాగదీత నా చిత్రిక. ఆ విరుపు చెక్కలో ముడి."

ఇంతవరకూ ఏమో, జరిగుండొచ్చేమో అన్నట్టే ఉంది. మొగుడు తలూపాడు కూడా. అక్క గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.

"తర్వాత?"

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో భాగానికి ఇంటికి కారు పంపారు. చిత్రిక వద్దు, ఈసారి రంపం తెమ్మన్నారు. వెళ్లి చూద్దును కదా, రెండొందల మంది వయొలిన్ల వాళ్లు!"

"ఒక గదిలోనా?" అన్నాడు మేస్టారు.

"గదిలో ఏం పడతారు మేస్టారూ, సగంమంది కిటికీలోంచి వాయించారు. మధ్యలో నాకు కుర్చీ. ముందు టేకు దుంగ. రంపం పెట్టి ఒక్క లాగు లాగానంతే, రెండొందల మందీ వయొలిన్ కమాన్లు కింద పెట్టి వెక్కి వెక్కి ఏడుపు. ఒకావిడైతే 'ఇన్నాళ్లూ నేను దువ్వెన గీకుతున్నానన్నమాట' అని వయొలిన్ నా కాళ్ల దగ్గర పెట్టేసింది. నేనే ఓదార్చి తిరిగిచ్చాను. సరే, రంపం దుంగలో సగం దిగేసరికి చూస్తే, దుంగకి చిగుళ్లు!"

"ఎండిన టేకుకా?"

"ఎండిన టేకుకే! దుంగని వదిలెయ్యండి, కుర్చీలకి ఆకులొచ్చాయి. పియానో పూత పూసింది. ఆ పియానో ఆయన పువ్వులు ఏరి పక్కన పెట్టి ఒక్కో మెట్టూ నొక్కుకోవాల్సొచ్చింది, పాపం."

గుమ్మంలోంచి తుస్సుమని నవ్వు వినిపించింది. తమ్ముడు వెంటనే దగ్గినట్టు నటించాడు. మొగుడి భుజాలు కూడా కదిలాయి. ఒకే చోట ఒకే మాటకి ఇద్దరూ నవ్వి ఎన్నాళ్లైందో! కానీ అంతలోనే తమ్ముడు బట్టల తాను కింద పెట్టి, "సరే మావయ్యా, ఇక పని చూద్దామా? బండివాడు వచ్చేస్తాడు," అన్నాడు.

మావయ్య సంచీ మీద చెయ్యి వేశాడు. అక్క గబుక్కున అందుకుంది.

"అదేంటి, మూడో భాగం సంగతి చెప్పకుండానే? అసలు గొడవంతా దాని గురించే కదా!"

మావయ్య చెయ్యి సంచీ మీదనుంచి లేచింది. "బాగా అడిగావమ్మా. అదే చెప్తున్నా. మూడో భాగంలో చివరి పోరాటం ఉందే, అక్కడ హీరోని తాళ్లకి కట్టి పైకి లాగారు. నేను కింద కూచుని రంపం వంచి పట్టుకుని వాయిస్తున్నా. పుటుక్కున తాళ్లు తెగాయి. అందరూ కెవ్వుమన్నారు. నేను మాత్రం రంపం ఆపలేదు. ఏమైందో తెలుసా? వాడు పడలేదు. గాల్లోనే ఉన్నాడు! నా స్వరం మీద నిలబడ్డాడు. నేను స్వరం పెంచితే వాడు పైకి, ఇంకా పెంచితే ఇంకా పైకి. కప్పు దాటాడు, మబ్బు దాటాడు. విమానం ఎదురొస్తే డ్రైవరు బ్రేకు వేసి 'ముందు మీరు వెళ్లండి సార్' అన్నాడు."

"విమానానికి బ్రేకా!" మెకానిక్కి ప్రాణం విలవిలలాడింది.

"కొత్త మోడలు. డైరెక్టరు లబోదిబోమంటూ 'దించవయ్యా బాబూ' అంటాడు. ఎలా దించను? మెల్లిగా, పన్ను పన్నూ లెక్కపెట్టుకుంటూ స్వరం తగ్గిస్తున్నా. సరిగ్గా అప్పుడే చెక్కపొట్టు ముక్కులోకి పోయి తుమ్మొచ్చింది. రంపం జుయ్యిమని జారింది. ఆ దెబ్బకి హీరోకి ఏమీ కాలేదు కానీ, చంద్రుడు నాలుగు బారలు పక్కకి జరిగాడు. ఆయనకి కోపమొచ్చింది. అందుకే నెలకోసారి మొహం చాటేస్తాడు."

మేస్టారు కళ్లజోడు తీసేశాడు. "అంతకుముందు అమావాస్య లేదా?"

"ఉండేది మేస్టారూ, నేను లేదన్నానా? కానీ ఇంత చీకటిగా ఉండేది కాదు. సరే, ఇంతకీ చెప్పేదేంటంటే, ఆ చివరి పోరాటంలో మొదటి గుద్దు నుంచి రెక్క విరిగి పడేదాకా మీరు విన్న సంగీతమంతా నాదే. ఆ హోరు, ఆ జోరు, అదంతా నా రంపమే!"

"ఆగాగు మావయ్యా!"

తమ్ముడు గుమ్మం దిగి వచ్చేశాడు. చంద్రుడు జరిగితే ఊరుకున్నాడు కానీ, ఇనుపరెక్క విషయంలో తప్పు చెబితే ఊరుకోలేకపోయాడు. "ఆ చివరి పోరాటంలో అసలు సంగీతమే లేదు!"

"ఉలుకూ లేదు, పలుకూ లేదు," అంటూ మొగుడు ఇటు తిరిగిపోయాడు. "రెక్క విరుగుతుంటే హాల్లో ఎవడో మింగిన గుటక నాకు వినపడింది."

"అది నేనే బావా!"

అనేశాక తమ్ముడికి గుర్తొచ్చింది, ఈయనతో మాటల్లేవని. మొగుడికీ గుర్తొచ్చింది. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"నీకు నచ్చిందా ఆ ముక్క?" మెల్లిగా అడిగాడు తమ్ముడు.

"నచ్చడమేంట్రా, ఒళ్లు జలదరించింది."

"మరి బయటికొచ్చాక ఆ మాట అనలేదే?"

"అక్కడిదాకా నువ్వు రానిచ్చావా? ఢూం ఢూం అంటూ మొదలెట్టావు."

"ఆ ఢూం ఢూం అంతసేపు లేకపోతే ఆ నిశ్శబ్దం విలువ నీకు తెలిసేదా?"

"అదే నేనూ అంటోంది. ఆ మోత ఆపాకే బాగుందని!"

తమ్ముడు ఏదో అనబోయి నవ్వేశాడు. మొగుడు నవ్వలేదు. బల్ల మీద జరిగి పక్కన చోటు చేశాడు. నూనె మరకల చేతులు చూసుకుంటూ, "ఆ రోజు చెత్త మాట అన్నాను. అది నీ ఇల్లు కూడానురా. మధ్యాహ్నం నువ్వు రాకపోతే మీ అక్క తినదు, మీ అక్క తినకపోతే నాకు సయించదు. అందరం పస్తులే," అన్నాడు.

తమ్ముడు వచ్చి ఆ చోట్లో కూచున్నాడు. "బండివాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పక్కా. నేను చెబితే తిడతాడు. షాపు యజమానికి నేను చెప్పుకుంటాలే," అన్నాడు.

అక్కకి గుండెల మీంచి ఎవరో రోలు దించినట్టయింది. కొంగుతో మొహం తుడుచుకుంది, ఆవిరి తగిలిందన్నట్టు.

అందరూ తనని మర్చిపోయారని మావయ్యకి మహా కష్టంగా ఉంది. గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాడు.

"సంగీతం లేదని తెలీకనా నేను చెప్పింది? నిశ్శబ్దమట, నిశ్శబ్దం! ఊరికే వచ్చిందనుకున్నారా అది? ఆ నిశ్శబ్దం వాయించింది ఎవరనుకున్నారు? నేను!"

"అవునా మావయ్యా?" అంది అక్క. ఆ పొద్దున మొదటిసారి ఆవిడ గొంతులో నవ్వు పలికింది. "అయితే మా కోసం కూడా కాసేపు అదే వాయించు."

మేస్టారు పేపరు వెనక్కి వెళ్లిపోయాడు, పేపరు మాత్రం గడగడ వణుకుతోంది. మావయ్య నోరు తెరిచాడు, ఏమీ దొరక్క మూసేశాడు. ఆ వీధిలో పుట్టి బుద్ధెరిగాక ఆయన మాటకి తడుముకోవడం ఎవరూ చూడలేదు.

ఆ నిశ్శబ్దంలో అక్కకి వెనకనుంచి రెండు గొంతులే వినిపించాయి. మొదటి భాగమే గొప్పదని ఒకటి, ఆ చెవులు మార్పించుకోమని ఇంకొకటి. మళ్లీ మొదలెట్టారు. కొట్టుకోనీ అనుకుంటూ, ఆవిడ ముగ్గురికి సరిపడా బియ్యం కడగడానికి లేచింది.