అయిదేండ్లు దాటని పోరడు

ఏంది నర్సమ్మా, పండుకున్న పోరని నోట్లకు గట్ల తొంగి సూస్తున్నవు? ముంగటి పండ్లు ఊడినయనా? ఊడినయ్. పేడల పెట్టి ఇంటి మీదికి ఇసిరినం. అయిదేండ్లు నిండనోనికి పండ్లెట్ల ఊడినయని అడుగుతవు, గంతేనా? పక్కింటి జోహ్రా ఏమన్న చెప్పిందా నీకు? దాని బిడ్డ, మా శేఖర్ ఒక్క వారంలనే పుట్టిన్రు. ఆ పిల్ల రెండో తరగతికి పోతుంది.

సరే, కూసో. గా మందు సీసా జర సేపు సంచిలనే ఉండనియ్యి.

పొద్దుగాల మల్ల వచ్చినయ్ వానికి ఫిట్స్. నేను మగ్గం గుంటల కాళ్ళు పెట్టి నేస్తున్న. వాడు పక్కపొంటి కూసోని రాట్నం తిప్పుకుంట నూలు కండెలు చుట్టుతుండు. రాట్నం సప్పుడు ఆగింది. గంతే. తిరిగి సూడకున్నా తెలుస్తది నాకు. మా అత్త కొండవ్వ ఉరికొచ్చి తాళంచెవుల గుత్తి వాని చేతుల పెట్టింది, ఉల్లిగడ్డ పలగ్గొట్టి ముక్కుకాడ పెట్టింది. ఎప్పుడూ చేసేదే. కొట్టుకొని కొట్టుకొని గిట్ల పండుకున్నడు.

ఏడుస్తలేనని సూస్తున్నవా? ఏడుపు వస్తలేదమ్మా. ఎటు పోయిందో.

నీకు యాదికుందో లేదో... గప్పుడు దసరా ముంగట, మొదటిసారి నువ్వే పోసినవ్ గీ విటమిన్ మందు. పచ్చగ, తియ్యగ. కండ్లకు మంచిది, రేచీకటి రాదు అన్నవ్. అంతకు ముంగట నెలనెలా పడుతుండె వాడు. నువ్వు పోసినంక ఉగాది దాక ఒక్కసారి రాలే! ఒక్కసారి గూడ! ఏమనుకోవాలె నేను? కండ్లు ఏడున్నయ్, మెదడు ఏడున్నది? పక్కపక్క జాగనే గద. కండ్లకు పోయే మందు ఇంత అటు గూడ పోదా అనుకున్న.

నవ్వకు. రేపటి రోజుల పెద్ద పెద్ద డాక్టర్లు గదే మాట అంటరేమో, ఎవలకెరుక? అప్పుడు గీ అంజవ్వ ముందే చెప్పిందని చెప్పు.

నువ్వేమో అయిదేండ్లు దాటితే ఇగ పొయ్యము అంటివి. ఏం జెయ్యాలె? వాన్ని అయిదేండ్ల కాడనే ఆపిన. ఇందిరమ్మను కాల్చి సంపిన నెలల పుట్టిండు వాడు. మొదలు నీకు గట్లనే చెప్పిన. మల్లొస్తివి, కాదు కాదు, ఆ తర్వాతి యేడు అన్న. ఇంకోసారి వస్తివి, మా ఆయిన మిల్లుల పనికని భీవండికి పోయినంక, ఆ మీది యేడు పుట్టిండన్న. నువ్వు రాసుకుంటివి. పోరడు గూడ సన్నగనే ఉండె గద.

మరి బడిల ఎక్కిస్తే? సారు పుట్టిన తారీఖు రాస్తడు. రాస్తే నీకు తెలుస్తది. అందుకే ఎక్కియ్యలే. జోహ్రా బిడ్డ సంచి ఏస్కోని పోతుంటే గీ గడపకాడ నిలబడి సూస్తడు. నేనెప్పుడు పోవాలె అమ్మా అంటడు. నీకింక అయిదేండ్లు నిండలే బిడ్డా అంట. నమ్ముతడు. అమ్మ చెప్తే నమ్మడా?

పోయినసారి ఇంకో పని చేసిన. తిట్టకు. ఈడ నీతోని పోయించి, నాలుగొద్దులకు చంద్లాపూర్ల మా అవ్వగారింటికి తీస్కపోయి, ఆడి నర్సమ్మతోని మల్ల పోయించిన. తలకాయ పట్టుకోని ఒక్కటే కక్కుడు. ఎక్వైతే ఇసమని నువ్వు చెప్తనే ఉంటివి. కక్కితే కక్కనియ్యి, ఫిట్స్ రాకుంటే సాలు అనుకున్న. నెల తిరగలే, మల్ల పడ్డడు. గీ మందుకు ఫిట్స్ ఆగయని గప్పుడే సమజైంది నాకు. సమజై గూడ ఇయ్యాల నీ కోసం ఎదురు సూసిన. ఏం మనిషినో నేను!

దవాఖాన గోలీలా? ఇచ్చిన్రు. మింగితే మత్తుల ఉంటుండె. నీ మందు ఉండంగ గవెందుకని ఆపిన.

ఒకటి చెప్త, ఎవలకు చెప్పకు. పొద్దుగాల రాట్నం ఆగినప్పుడు నా ముంగట పోగు తెగి ఉండె. నేను ఉరకలే. పోగు అతికిన. గట్టిగ పడ్డదా లేదా అని గుంజి సూసిన. గప్పుడు లేచిన. కన్నతల్లిని గదమ్మా? లోపల ఏమన్న కలుక్కుమంటదేమోనని ఆగి సూసిన. ఏం కాలే.

రాసుకో ఇగ. ఏడేండ్లు నిండినయ్ వానికి. రేపు దవాఖానకు తోల్కపోయి గోలీలు మల్ల రాయిస్త. ఎల్లుండి బడిల ఎక్కిస్త. గాడ పడితే ఎవలన్న పట్టుకుంటరో, అందరు జరిగి సూస్తరో, నాకేమెరుక.

అగో, లేచిండు. నీ సంచి కనవడుడే ఆలస్యం, నోరు తెరిచిండు సూడు. మూసుకో బిడ్డా, నీకు లేదు. పెద్దగైనవు నువ్వు.

ఇంటలేడు. నర్సమ్మా... సీసా తియ్యకు గని, ఆ ఉత్త చెంచ జర వాని నోట్ల పెట్టవా? సప్పరిచ్చి పండుకుంటడు. నాకైతే నమ్మకం పోయింది. వానికింక తెల్వది.